ఓడ ఎక్కేముందు పొగ దారి చూసుకో

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా రాత్రి మీ పెదనాన్నకి చెప్పాను. మీ మామగారికి డెబ్బై నిండుతున్నాయని నలుగురూ కలిసి మధ్యధరా సముద్రంలో పది రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాలనుకోవడం ఆయనకీ చాలా నచ్చింది. మీ అత్తగారి ఆయాసం గురించి నీకున్న టెన్షన్ కూడా మాకు తెలుసు. అయితే బందర్ రోడ్డులో ట్రావెల్స్ ఆయన "నాన్ స్మోకింగ్ రూమే ఇస్తారండీ, మీకేం భయం లేదు" అన్నాడని చెప్పావు చూడు, అది విన్న దగ్గర్నుంచీ నా మనసు కుదురుగా లేదు. ఫోన్‌లో మాట్లాడితే సగం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చాలా క్రూజ్ కంపెనీల్లో గదిలో సిగరెట్ కాల్చనివ్వరు. కానీ మీ అత్తగారు పది రోజులూ గదిలోనే కూర్చోరు కదా. భోజనానికి వెళ్తారు, సాయంత్రం పాటల కార్యక్రమానికి వెళ్తారు, డెక్ మీద గాలికి కూర్చుంటారు. ఆ దారుల్లో పొగ ఎక్కడ తగులుతుందన్నది అసలు సంగతి. దాన్ని గది పేరు చెప్పదు.

మా మొదటి ప్రయాణంలో మేం దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. అబ్బాయి మమ్మల్ని తీసుకెళ్ళింది వేలమంది పట్టే పెద్ద షిప్. గది అద్దంలా ఉంది, వాసన అన్న మాటే లేదు. కానీ భోజనాల హాల్లోంచి థియేటర్‌కి వెళ్ళాలంటే క్యాసినో, అదే జూదం ఆడే హాలు, దాని మధ్యలోంచే దారి. అక్కడ కూర్చున్నవాళ్ళు ఒక చేత్తో ఆడుతూ ఇంకో చేత్తో కాలుస్తున్నారు. కాల్చకూడదన్న నియమం అక్కడ లేదు. మొదటి రాత్రి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దాటేశాం. రెండో రాత్రి మీ పెదనాన్నకి ఊపిరి అందలేదు. ఇన్హేలర్ నాలుగుసార్లు కొట్టినా తగ్గక, చివరికి షిప్‌లోని డాక్టర్ దగ్గర నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది. మా గది క్యాసినోకి రెండు అంతస్తుల పైన, పెద్ద మెట్ల దగ్గర. ఆ మెట్ల చుట్టూ నడిమి భాగం అంతా తెరిచి ఉంటుంది. వేడి గాలి పైకి ఎక్కినట్టే పొగ కూడా ఎక్కి మా గది ముందు వరండాలోకి వచ్చేది. మిగతా రోజులు ఆయన గది దాటి రాలేదు. అంత డబ్బు పోసి సముద్రాన్ని అద్దంలోంచి చూసి వచ్చాం.

నేను పొగాకు ఇంట్లో పుట్టినదాన్నని నీకు తెలుసు. టుబాకో బోర్డు 1976 నుంచీ మన గుంటూరులోనే ఉంది. వర్జీనియా ఆకు మీదే మా ఊళ్ళో సగం ఇళ్ళ బతుకు నడిచింది. మా నాన్న బ్యారన్‌కి, అదే పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టుకి, మంట పెట్టిన రాత్రులు నిద్రపోయేవారు కాదు. పొయ్యి బయట ఉంటుంది, దాని వేడి ఇనప గొట్టాల్లోంచి బ్యారన్ లోపల తిరుగుతుంది, పొగ మాత్రం ఆకుకి తగలకుండా గొట్టాల్లోనే పోయి బయటికి వెళ్ళిపోవాలి. ఎక్కడైనా గొట్టానికి చిన్న చిల్లు పడిందా, ఆకంతా పొగ వాసన పట్టి రేటు పడిపోయేది. అందుకే మంట పెట్టేముందు నాన్న లాంతరు పట్టుకుని ఒక్కో అతుకూ తడిమి చూసుకునేవారు. షిప్ కూడా నాకు అలాగే కనిపిస్తుంది. కంపెనీ నియమం ఏమిటని అడిగి ఊరుకోకు, అతుకులు ఎక్కడున్నాయో చూడు.

ఫ్యాన్లు, ఫిల్టర్లు ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే నమ్మకు. 2006లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, ఇచ్చిన నివేదిక ఈ విషయం తేల్చి చెప్పింది. పక్కవాళ్ళు వదిలే పొగలో ఇంతవరకైతే ప్రమాదం లేదు అనే కొలత ఏదీ లేదు. ఒకే కప్పు కింద కాల్చేవాళ్ళని, కాల్చనివాళ్ళని విడిగా కూర్చోబెట్టినా, గాలి ఎంత మార్చినా ఆ పొగ పూర్తిగా పోదు.

మొత్తం షిప్‌లోనే పొగ లేకపోతే గొడవే ఉండదు కదా అన్నావు. అలాంటి ప్రయత్నాలు జరిగాయి. కార్నివాల్ కంపెనీ 1998లో పారడైజ్ అనే షిప్‌ని పూర్తిగా పొగ లేకుండా మొదలుపెట్టింది. ఎవరైనా కాల్చి దొరికితే జరిమానా వేసి తర్వాతి రేవులో దింపేసేవారు. అయినా 2003 తర్వాత ఆ పద్ధతి వదిలేశారు. పొగ తాగనివాళ్ళు బార్‌లో, క్యాసినోలో పెద్దగా ఖర్చు పెట్టరన్నది వాళ్ళ లెక్క. రెనైసాన్స్ అనే ఇంకో కంపెనీ కూడా పొగ లేని షిప్పులు నడిపింది. అది 2001లో దివాలా తీసింది. దాని షిప్పులే కొన్ని పేర్లు మారి ఇప్పుడు ఓషియానియా, అజమారా కంపెనీల్లో తిరుగుతున్నాయి. కాబట్టి ఆ ఆశ పెట్టుకోకు. తక్కువ పొగ ఉన్న షిప్‌ని, అందులో పొగకి దూరంగా ఉన్న గదిని వెతుక్కోవడమే మన పని.

ఇందుకోసం కాస్త ఎక్కువ డబ్బు పోయినా లగ్జరీ షిప్ వైపే వెళ్ళమంటాను. మనుషులు తక్కువ, క్యాసినో ఉంటే చిన్నది, కొన్నిట్లో అసలు ఉండదు. వైకింగ్ వాళ్ళ సముద్రపు షిప్పుల్లో క్యాసినో లేనే లేదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించుకోరు. మీరు నలుగురూ పెద్దవాళ్ళే కాబట్టి మీకు ఇబ్బంది లేదు. నన్నడిగితే ముందు దాని సంగతి కనుక్కో. క్యాసినో లేకపోతే సగం బెంగ తీరినట్టే.

కానీ లగ్జరీ అనగానే నిశ్చింతగా ఉండకు. అక్కడ సిగరెట్ కంటే చుట్టతో వచ్చే ఇబ్బంది ఎక్కువ. ఖరీదైన సిగార్లు కాల్చుకోవడానికి తోలు కుర్చీలు వేసి విడిగా గది కడతారు. రీజెంట్ షిప్పుల్లో దాన్ని కానసర్ క్లబ్ అంటారు, సిల్వర్‌సీలో కానసర్స్ కార్నర్ అంటారు, క్యూనార్డ్ వాళ్ళ క్వీన్ మేరీ 2లో చర్చిల్స్ అని పేరు. తలుపులు బిగించే ఉంటాయి. కానీ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒక గుప్పెడు పొగ బయటికి వస్తుంది. మా తాతయ్య అరుగు మీద చుట్ట కాలిస్తే వంటింట్లో అమ్మ దగ్గేది, అంత ఘాటు దానిది. మా రెండో ప్రయాణం లగ్జరీ షిప్‌లోనే. ఈ సిగార్ గది సరిగ్గా మేం రోజూ భోజనానికి వెళ్ళే మెట్ల పక్కనే ఉంది. రెండో రోజుకి అది తెలుసుకుని, ముందు వైపు మెట్లు ఎక్కి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాం. ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగు అడుగులు ఎక్కువ నడిచాం, అంతే.

బాల్కనీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే షిప్ జమైకా వైపు వెళ్తుండగా తెల్లవారుజామున ఒక బాల్కనీలో మంటలు లేచాయి. ఆర్పకుండా పారేసిన సిగరెట్ పీకే కారణం అయ్యుంటుందని విచారణలో చెప్పారు. పొగ పీల్చి ఒక ప్రయాణికుడు చనిపోయాడు. తర్వాతి సంవత్సరాల్లో ప్రిన్సెస్, రాయల్ కరీబియన్, క్యూనార్డ్ లాంటి కంపెనీలు ఒక్కొక్కటిగా బాల్కనీల్లో కాల్చడం ఆపేశాయి. కానీ అందరూ ఆపలేదు. ఐరోపావాళ్ళు ఎక్కువగా ఎక్కే కొన్ని షిప్పుల్లో ఇప్పటికీ బాల్కనీలో కాల్చుకోనిస్తారు. మీరు వెళ్ళేదే మధ్యధరాకి. కాబట్టి ఈ ఒక్క ప్రశ్న మాత్రం వదలకు: "బాల్కనీలో అనుమతి ఉందా, లేదా?" ఉందంటే ఆ షిప్ ఎంత బాగున్నా వద్దు. బాల్కనీల మధ్య అడ్డం పెట్టే పలక చూపుకే అడ్డం, పొగకి కాదు. పక్కాయన ఒక్కడు కాలిస్తే మీ అత్తగారు తలుపు మూసుకుని కూర్చోవాల్సిందే.

ఇక గది ఎక్కడ తీసుకోవాలన్నది. ఇక్కడ తొందరపడకు, ఒక పూట కూర్చుని చూసుకో. ప్రతి షిప్‌కీ డెక్ ప్లాన్ అని అంతస్తుల వారీగా బొమ్మ ఉంటుంది. ముందు అందులో పొగ తాగే చోట్లు గుర్తు పెట్టుకో. చాలా షిప్పుల్లో స్విమ్మింగ్ పూల్ దగ్గర ఒక పక్క మాత్రమే అనుమతిస్తారు, కుడి పక్కో ఎడమ పక్కో. ఓడ ముందుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు స్టార్‌బోర్డ్, ఎడమచేతి వైపు పోర్ట్. కాల్చే చోటు ఏ పక్క ఉందో దానికి ఎదుటి పక్క గది తీసుకో. ఇంకో సంగతి గాలి. నీ చిన్నప్పుడు భవానీ ద్వీపం పడవలో ముందు కూర్చున్న అతను బీడీ వెలిగిస్తే పొగంతా వెనకున్న మన మొహాన కొట్టింది, గుర్తుందా? షిప్ కూడా కదులుతుంటే గాలి ముందు నుంచి వెనక్కే పోతుంది. అందుకని గది కాల్చే చోటుకి ముందు వైపున ఉండాలి, వెనక వద్దు. చిట్టచివరి గదులు అలల చాలు కనిపిస్తుందని అందరూ ఎగబడతారు గానీ మీకు వద్దు. అక్కడికి ఓడ పొగగొట్టం మసి కూడా వస్తుంటుంది. ఇంధనంలో గంధకం 0.5 శాతం దాటకూడదని 2020 నుంచి ప్రపంచమంతా నియమం ఉంది, మధ్యధరాలో 2025 మే నుంచి అది 0.1 శాతమే. మునుపటికంటే చాలా నయం. అయినా ఊపిరితిత్తులు నాజూకుగా ఉన్నవాళ్ళకి ఆ దగ్గర పడుకోవడం ఎందుకు? మరీ కొసకి ముందు వైపు గది కూడా వద్దు, అక్కడ ఊపు ఎక్కువ, మీ మామగారికి కడుపులో తిప్పుతుంది. నడిమికి కొంచెం ముందుగా ఉన్న గది తీసుకో, క్యాసినోకి, సిగార్ గదికి, పెద్ద మెట్లకి దూరంగా.

ట్రావెల్స్ ఆయన తక్కువ రేటుకి గ్యారంటీ క్యాబిన్ అని ఒకటి చెప్తాడు. అంటే గది నంబరు మనం ఎంచుకోం, వాళ్ళు చివర్లో ఎక్కడ మిగిలితే అక్కడ ఇస్తారు. మిగతావాళ్ళకి అది లాభమేమో గానీ మీకు కాదు. నువ్వు ఇంత వెతికిందంతా ఒక్క దెబ్బకి వృథా అయిపోతుంది. నంబరు రాసి ఇచ్చిన గదికే డబ్బు కట్టు.

ఆయన నోటి మాట మీద ఆగిపోకు. కంపెనీకే ఈమెయిల్ రాయించు. ఫలానా షిప్, ఫలానా తేదీ, ఇందులో పొగ తాగే చోట్లు ఏ డెక్ మీద, ఏ పక్క ఉన్నాయి, క్యాసినోలో అనుమతి ఉందా, ఈ-సిగరెట్‌కి ఇదే నియమమా అని అడుగు. ఒకే కంపెనీలో కూడా ఒక్కో షిప్‌కి ఆ చోట్లు వేరుగా ఉంటాయి. జవాబు దాచుకో. పూర్తి డబ్బు సాధారణంగా నెలల ముందే కట్టించుకుంటారు, ఆ తర్వాత రద్దు చేసుకుంటే చాలా పోతుంది. అందుకని చివరి వాయిదా కట్టే ముందు ఇంకోసారి అడిగి చూడు. నియమాలు మధ్యలో మారుతుంటాయి.

ఎక్కిన రోజు మధ్యాహ్నం మీ అత్తగారిని గదిలో కూర్చోబెట్టి నువ్వూ అల్లుడుగారూ షిప్ అంతా ఒకసారి తిరగండి. ఎక్కడ వాసన వస్తుందో చూసి, భోజనానికి, థియేటర్‌కి ఏ మెట్లు ఎక్కాలో మీరే నిర్ణయించుకోండి. గదిలో ఏమాత్రం వాసన అనిపించినా మొహమాటపడకుండా అప్పుడే గెస్ట్ సర్వీసెస్ డెస్క్ దగ్గర చెప్పండి. మనవాళ్ళు రేపు చూద్దాంలే అని ఊరుకుంటారు. షిప్ నిండాక ఇవ్వడానికి వేరే గది ఉండదు.

ఊళ్ళలో దిగినప్పుడు మాత్రం జాగ్రత్త. ఇటలీలో 2005 నుంచే హోటళ్ళ లోపల కాల్చడం నిషేధం, కానీ బయట వేసిన బల్లల దగ్గర చాలాచోట్ల ఇంకా కాలుస్తారు. అందరికీ బయట కూర్చుని తినడం ముచ్చట. మీరు లోపలే కూర్చోండి.

మందులు చెక్-ఇన్ సూట్‌కేసులో వెయ్యొద్దు, చేతి సంచిలో పెట్టు. ఎక్కిన రోజు ఆ సూట్‌కేసు గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. రెండు ఇన్హేలర్లు, ఇన్హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం, ఛాతీ డాక్టర్ ఇంగ్లీషులో రాసిన చీటీ ఉండాలి. ఆ చీటీలో కంపెనీ పెట్టిన పేరే కాకుండా మందు అసలు పేరు ఉండేట్టు చూడు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆస్తమా ఉందని దాచకుండా రాయించు. దాచితే షిప్‌లో వైద్యానికి అయిన ఖర్చు పైసా కూడా రాదు, అది చిన్న మొత్తం కాదు. ఐరోపా దేశాలకి ఇచ్చే షెంగెన్ వీసా కూడా ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చేది తీసుకోండి. దారిలో టర్కీ లాంటి చోట ఆగితే మళ్ళీ లోపలికి రావాలి కదా.

ఆదివారం మీ ఇద్దరూ గుంటూరు రండి. చూసిన రెండు మూడు షిప్పుల డెక్ ప్లాన్లు పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించుకుని తీసుకురా, ఫోన్‌లో అయితే మీ పెదనాన్నకి కనపడదు. ఆయన ఇప్పటికే ఎర్ర స్కెచ్ పెన్ను వెతికి బల్ల మీద పెట్టుకున్నారు. గోంగూర, మినపసున్ని ఉండలు చేసి ఉంచుతాను. మీ అత్తగారికి ఇప్పుడు దగ్గు ఎలా ఉందో రాత్రికి ఒక్క మెసేజ్ పెట్టు.

నీ పెద్దమ్మ