శాతం పెరిగినా సంఖ్య పెరిగినట్టు కాదు

2019తో పోలిస్తే 2021లో విహారానికి వచ్చిన విదేశీయుల వాటా పడిపోయి, వైద్యం కోసం వచ్చినవారి వాటా మూడింతలైందని, దీన్ని ప్రాజెక్టులో ఎలా వివరించాలో తోచడం లేదని తిరుపతి నుంచి మీరు అడిగారు. చిక్కు శాతాలలోనే ఉంది. 2019లో మన దేశానికి సుమారు 1.09 కోట్ల మంది విదేశీ పర్యాటకులు రాగా, అందులో వైద్యానికి వచ్చినవారు దాదాపు 7 లక్షలు. 2021లో మొత్తం రాకలే సుమారు 15 లక్షలకు పడిపోగా, వైద్యానికి వచ్చినవారు 3 లక్షల చిల్లర. అంటే మనుషులు సగానికి పైగా తగ్గినా వాటా మాత్రం పెరిగింది.

2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా పర్యాటక వీసాలు నిలిపివేశారు కాబట్టి, ఆ రెండేళ్లను ధోరణిగా చూపకుండా విడిగా ఉంచండి. జబ్బు మాత్రం వీసాల కోసం ఆగదు. తిరుపతి నుంచి రైలులో వెళ్లి కాట్పాడిలో దిగితే, ఎక్స్‌రే కవర్లు పట్టుకుని వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లే బంగ్లాదేశ్ కుటుంబాలు మీకే కనిపిస్తాయి.

మరొక జాగ్రత్త అవసరం. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన చిత్తూరు అబ్బాయి పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకు వస్తే, అతను విదేశీ పర్యాటకుడిగానే లెక్కకు వస్తాడు. అమెరికాలోనే ఉంటున్నా భారత పాస్‌పోర్టే ఉన్న అతని అన్న ఆ లెక్కలోకి రాడు. ఇక శాతాల చిక్కు రాకుండా, మీ పట్టికలో శాతం పక్కనే సంఖ్యను కూడా తప్పక వేయండి.