వరద మేట మట్టి: బట్టీకి అమ్మాలా, పొలంలోనే కలపాలా?

ప్రశ్న: మా పొలం ఏటి ఒడ్డునే ఉంది. మొన్నటి వరదకు గట్టు తెగింది. ఏటి వైపు ఎకరంలో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. లోపలి వైపు పల్లంలో జానెడు మందాన ఒండ్రు పేరుకుని, ఇప్పుడు ఆరి పెచ్చులుగా లేస్తోంది. ఇటుక బట్టీవాళ్లు వచ్చి ఒండ్రుతో పాటు దాని కింద రెండడుగుల మట్టి కూడా తీసుకెళ్తామంటున్నారు. ఒండ్రు బలమైన మట్టి, అమ్మొద్దని మా నాన్న గొడవ. ఏం చేయమంటారు? అలాగే పొలంలో పశువుల షెడ్డు, మోటారు గది కట్టుకోవాలని ఉంది. ఎక్కడ కడితే మంచిది?

జవాబు: మీ నాన్నగారి మాటే వినండి. బట్టీవాళ్లు అడిగేది పైన పేరుకున్న ఒండ్రు మాత్రమే అయితే కొంత ఆలోచించవచ్చు. కానీ వాళ్ల కన్నంతా కిందున్న రెండడుగుల మీదే ఉంది. మీ అసలు పొలం అదే. పైది మొన్న వచ్చింది, కిందది తయారవడానికి తరాలు పట్టింది.

వాళ్లకు ఆ మట్టే ఎందుకు కావాలో చెప్తాను. మంచి ఇటుకకు బంకమట్టి 20–30 శాతం, ఒండ్రు 20–35 శాతం, మిగతాది ఇసుక ఉన్న నేల కావాలి. ఇంచుమించు అవే పాళ్లున్న నేలలో పంటా బాగా వస్తుంది. నైలు నది వెంబడి ఇదే తగవు నడిచింది. అక్కడ వేల ఏళ్లుగా ఇళ్లకు ఇటుకలు చేసింది నది మట్టితోనే. తవ్విన గుంటల్ని ఏటా వచ్చే వరద పూడ్చేది. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఒండ్రు దాని వెనకే ఆగిపోయింది, తవ్వకం మాత్రం ఆగలేదు. చివరికి 1980లలో ఈజిప్టు ప్రభుత్వం పొలాల పైమట్టిని ఇటుకలకు తవ్వకూడదని చట్టం తెచ్చింది. మీ ఏరు మళ్లీ వచ్చి పూడుస్తుందిలే అనుకోవద్దు. ఈసారి వచ్చేది ఒండ్రే అన్న గ్యారంటీ లేదు, ఇసుకే రావచ్చు. పైగా రెండడుగులు దిగిన చేను చుట్టుపక్కల పొలాల నీళ్లన్నిటికీ గుంట అవుతుంది.

ఇక పని సంగతి. పార తీసుకుని పల్లంలో ఒకచోట, ఇసుకలో ఒకచోట, రెండూ కలిసే హద్దులో ఒకచోట మోకాలి లోతుకు మించి గుంట తీయండి. ఇసుక ఉన్నచోట పాత నేల తగిలేదాకా తవ్వాలి. గుంట గోడను కత్తితో నున్నగా చెక్కి చూస్తే పాత నేల ఎక్కడ మొదలవుతుందో తెలిసిపోతుంది. పాత కొయ్యకాళ్లు, గడ్డి కుళ్లి నల్లటి గీతలా కనిపిస్తాయి. ఆ గీత దగ్గర మట్టి బూడిద రంగులోకి మారి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే కింద ఇంకా గాలి ఆడడం లేదని అర్థం. అలాంటప్పుడు తొందరపడి ట్రాక్టరు దింపకండి. తడి ఒండ్రు మీద చక్రాలు తిరిగితే కింద గట్టి పొర కట్టి, రెండు మూడేళ్లు వేర్లను ఇబ్బంది పెడుతుంది. గీత దగ్గరి మట్టిని పిడికెట్లో నొక్కి బొటనవేలితో తోస్తే పొడిపొడిగా విడిపోవాలి. అప్పుడే దుక్కి.

ఏటి వైపు ఇసుక, లోపలికి ఒండ్రు ఎందుకు వచ్చాయంటే, గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైనది ముందు పడిపోతుంది. 0.05 మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువులు ఇసుక, అవి ఒడ్డునే ఆగుతాయి. అంతకంటే సన్ననివి, 0.002 మిల్లీమీటర్ల దాకా, ఒండ్రు. ఇంకా సన్నని బంకమట్టి నిలిచిన నీళ్లలో చాలాసేపు తేలి అన్నిటికంటే చివర దిగుతుంది. ఏ వరదైనా చేసేది ఇంతే: కలిసి ఉన్నదాన్ని వేరుచేసి వేర్వేరు చోట్ల పెడుతుంది. దాన్ని మళ్లీ కలపడమే మీ పని.

ఒండ్రు అనగానే బలం అనుకోవడం కూడా సగమే నిజం. వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడరులా జారిపోయే మట్టిలో సారం తక్కువ. వాన పడి ఎండితే పైన పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. తడిపితే జిగటగా సాగేదైతే అందులో బంక ఉంది, పోషకాలను పట్టుకునేది ఆ బంకా, సేంద్రియ పదార్థమూ. ఒండ్రులో ఉన్న అసలు మంచి గుణం వేరు: మొక్కకు అందేలా నీళ్లు దాచుకోవడంలో దానికి సాటి లేదు. మీ ఇసుక ఎకరానికి లేనిది సరిగ్గా అదే.

మేట రెండంగుళాల లోపు ఉంటే మామూలు దుక్కిలో కలిసిపోతుంది. ఎనిమిది అంగుళాల దాకా రెక్క నాగలితో లోతు దుక్కి కావాలి. మేట మందానికి ఒకటిన్నర నుంచి రెండింతల లోతు దున్నితేనే పాత మట్టి పైకొచ్చి కలుస్తుంది. కలపకుండా వదిలేస్తే రెండు రకాల మట్టి కలిసే గీత దగ్గర నీరు ఆగిపోతుంది, వేరు కూడా అక్కడే ఆగుతుంది. మీ పల్లంలో జానెడు ఉంది కాబట్టి ముందు సగం ఒండ్రు తీసి పక్కన కుప్ప పెట్టండి, మిగతా సగాన్ని దున్ని కలపండి. మోకాలి లోతు ఇసుకను దున్ని కలపడం కుదిరే పని కాదు. వీలైనంత తోడి తెగిన గట్టు పూడ్చడానికి, దారి మెరక చేయడానికి వాడుకోండి. బయటికి తరలించాలంటే మాత్రం అనుమతి సంగతి ముందే కనుక్కోండి. అరడుగు దాకా తగ్గాక ఆ కుప్ప ఒండ్రు, పశువుల ఎరువు చల్లి లోతుగా దున్నండి. బురద మోసి పొలం బాగుచేసుకోవడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో హంబర్ నదీముఖం దగ్గర రైతులు 18, 19 శతాబ్దాల్లో తూములు తెరిచి, పోటు నీటి బురదను కావాలనే పొలాల్లోకి పారించి పల్లాలను మెరక చేశారు.

ఈ ఏడాదికి ఇసుక చేలో పుచ్చ, దోస, వేరుశనగ, చిలగడదుంప లాంటివి నయం. నత్రజని ఒకేసారి వేస్తే నీళ్లతో దిగిపోతుంది, మూడు నాలుగు దఫాలుగా వేయండి. వారాల తరబడి మునిగి ఖాళీగా ఉన్న నేలలో వేర్లకు భాస్వరం అందించే మేలు శిలీంధ్రాలు తగ్గిపోతాయి. తర్వాతి పంట లేతగా ఉన్నప్పుడే ఊదా రంగు తిరిగి గిడసబారితే కారణం చాలావరకు అదే. పల్లంలో ముందు జొన్నో అలసందో వేస్తే ఆ శిలీంధ్రాలు తిరిగి పుంజుకుంటాయి. చేలో పండ్ల చెట్లుంటే మొదలు చుట్టూ పేరుకున్న మట్టిని ఇవాళే లాగేయండి, దుక్కి దాకా ఆగొద్దు.

షెడ్డు, మోటారు గది కొత్త మేట మీద కట్టకండి. పొలంలో వరద నీరు చివరగా ఎక్కి ముందుగా దిగిన చోటు మీకు తెలిసే ఉంటుంది. తరతరాలుగా మేట పడి పెరిగిన పాత ఒడ్డు అది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో తొలి కాలపు ఇళ్లు మిసిసిపీ నది పెంచిన అలాంటి ఒడ్డు మీదే లేచాయి. 2005 కత్రినా తుఫానుకు నగరం మునిగినా ఆ పాత పేట చాలావరకు పొడిగానే ఉంది. అయితే గట్టు తెగిన చోటికి ఎదురుగా ఎంత ఎత్తు ఉన్నా వద్దు, తెగినచోటే మళ్లీ తెగుతుంది. నీళ్లు తాగిన వదులు ఇసుకను భూకంపమూ వదలదు: 1964లో జపాన్‌లోని నీగాటాలో ఇసుక ఒక్కసారిగా పట్టు వదిలేసి అపార్టుమెంట్లు నిలువునా పక్కకు ఒరిగాయి. పునాది సగం ఇసుక మీద, సగం బంక మీద పడకూడదు, ఒక పక్క దిగి గోడ చీలుతుంది. మేట దాటి పాత గట్టి నేల తగిలేదాకా తవ్వండి. ఒండ్రు నేల తేమను పైకి లాగుతుంది కాబట్టి పునాది మీద తేమ ఎక్కని పొర తప్పనిసరి. మోటారు దిమ్మ మొన్నటి వరద నీటి గుర్తుకు పైన ఉండాలి.

మూడు గుంటల నుంచీ కొత్త మేట, పాత నేల విడివిడిగా తీసి, మొత్తం ఆరు సంచులు భూసార పరీక్షకు ఇవ్వండి. పీహెచ్, ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), సేంద్రియ కర్బనం, భాస్వరం అడగండి. ఈసీ 4 దాటితే చౌడు కింద లెక్క, అప్పుడు పంట ఎంపికే మారిపోతుంది. ఏటికి ఎగువన ఫ్యాక్టరీలు ఉంటే భార లోహాల పరీక్ష కూడా చేయించండి. ఆ కాగితాలు వచ్చాక ఎరువుల మోతాదు రాసి పంపుతాను. అప్పటిదాకా బట్టీవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోకండి.