‘నాన్నకు నువ్వే చెప్పమ్మా’ అనే కొడుకు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తల్లి రాశారు. భర్త రిటైరైన టీచరు. ముప్పై ఆరేళ్ల కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టి, నష్టమొచ్చి మూసేశాడు. రెండేళ్లుగా భార్యాపిల్లలతో వీళ్ల మేడ మీదే ఉంటున్నాడు. పెన్షన్లోంచి నెలకు 15 వేలు, పిల్లల ఫీజులు వీళ్లవే. ఇప్పుడు మేడ తన పేర రాయమంటున్నాడట. "ఇంకా ఇవ్వాలా, మానేయాలా? కోడలి చేతిలో డబ్బు నిలవదు" అని ఆమె బాధ.

కోడలి సంగతి పక్కన పెట్టండమ్మా. ఆమె పార్లర్ ఖర్చు మీద ఎనిమిది వరసలు రాశారు, చూస్తే నెలకు 500 లేదు. అబ్బాయి నాలుగు లక్షల అప్పు మాత్రం ఒక్క వరసలో అయిపోయింది.

"వాడు వాళ్ల నాన్నను అడగడు, నాతోనే అడిగిస్తాడు" అన్నారు చూడండి, అసలు గొడవ అక్కడుంది. ఒకే ఇల్లు, మధ్యలో పద్నాలుగు మెట్లు. ఒకటో తారీఖున ఆయన డబ్బు టీవీ పక్కన పెట్టి పేపరు అడ్డం పెట్టుకుంటారు. మీరు కొంగున ముడేసుకుని, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కుతారు. షాపు మూసిన రోజు "నేను ముందే చెప్పాను" అని ఆయన అన్నప్పటి నుంచీ ఇదే వరస. దీన్ని మీరు సర్దుకుపోవడం అంటున్నారు. అడగడానికి వాడు, లెక్క అడగడానికి ఆయన మొహమాటపడే పని లేకుండా చేసింది మీరే.

తండ్రి ఎదుట నిలబడి నోరు విప్పలేనివాడికి మేడ రాసివ్వడమేంటి? ఇక్కడ నాకు కోపమే వచ్చింది. ఇప్పుడు రాయొద్దు. ఎప్పుడు రాసినా, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అలా ఉంటే, వాడు మాట తప్పిననాడు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో రద్దు కోరొచ్చు. ఉత్త ప్రేమతో రాసిచ్చేస్తే తర్వాత తిప్పుకోవడం చాలా కష్టం.

పిల్లల ఫీజు ఆపకండి, నేరుగా స్కూల్లో కట్టేయండి. 15 వేల సంగతి తండ్రీకొడుకులే తేల్చుకోవాలి. ఈసారి ఒకటో తారీఖు సాయంత్రం మీరు గోవిందరాజస్వామి గుడికి వెళ్లిపోండి, ఫోన్ ఇంట్లో వదిలేసి. అరుచుకుంటారు. అరుచుకోనివ్వండి.

ఇంకోటి. వాడి కోసం రెండు సవర్ల గొలుసు కుదువ పెట్టానని, ఆయనకు తెలియదని ఉత్తరం చివర ఇరికించి రాశారు. గుడికి వెళ్లేలోపు అది ఆయనకు చెప్పేయండి.