చిన్నాకి, నీ పాత ఆక్టేవియా గురించి

చిన్నా,

2005 స్కోడా ఆక్టేవియా టీడీఐ డీజిల్ కారు కొన్నావనీ, ల్యాప్‌టాప్ పెట్టి రిపేర్లు నువ్వే చూసుకుంటానన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

అప్పట్లో షోరూం వాళ్ళు బండి లోపాలు చూడ్డానికి వాడిన వీఏఎస్ 5051 యంత్రం నీకక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో అదే పని చేసే వీసీడీఎస్ సాఫ్ట్‌వేర్ చాలు. దాన్ని తయారుచేసే రాస్-టెక్ వాళ్ళ అసలు కేబులే కొను, మూడు బళ్ళకి మాత్రమే పనిచేసే రకం సరిపోతుంది. నకిలీది వద్దు. పని చేసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచు.

ఇక అసలు సంగతి. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో నా దగ్గర సెకండ్ హ్యాండ్ వీఏజీ 1552 ఉండేది, అదీ బండి లోపాలు చదివే పాతకాలం యంత్రమే. 1551కైతే లోపలే ప్రింటరు, అన్నీ కాగితం చుట్ట మీద అచ్చయి వచ్చేవి. 1552కి అది లేదు, చేత్తో రాసుకోవాలి. ఒకాయన ఆక్టేవియాలో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరట్లేదు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు నంబరు 15 కొట్టి లోపలికెళ్ళా. ఐదంకెల కోడింగు, అంటే ఆ బండికి తగ్గట్టు కంప్యూటర్లో పెట్టిన అంకె, కనపడింది. గుర్తుంటుందిలే అని రాసుకోకుండా, కోడింగు మార్చే 07లోకి పోయి వేరే బండి అంకె ఎక్కించేశా. లైటు అలాగే ఉంది. పాత అంకె ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

ఆయనకి ఆ రాత్రే తిరుపతి ప్రయాణం, వెనక ఇద్దరు పిల్లలు. "లైటే కదా, వచ్చాక చూద్దాం" అన్నాడు. ఆ లైటు వెలుగుతుంటే గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చని చెప్పాల్సింది. సిగ్గుతో నోరు రాలేదురా. మూడు రోజులు ఫోన్ మోగితే చెయ్యి వణికింది. తిరిగొచ్చాక అలాంటిదే ఇంకో బండి వెతికి, అందులో చూసి పాత అంకె ఎక్కించా. అసలు జబ్బు సీటు కింద పసుపు కనెక్టరు వదులవడం. కోడింగు ముట్టుకోవాల్సిన పనే లేదు.

వీసీడీఎస్‌లోనూ అవే నంబర్లు: 01 ఇంజను, 03 బ్రేకులు, 15 ఎయిర్‌బ్యాగ్, 17 మీటర్లు. ముందు ఆటో-స్కాన్ నొక్కు, కోడింగులతో సహా అంతా ఫైల్లోకి వస్తుంది. అది దాచి నాకూ వాట్సాప్ చెయ్యి. చెయ్యకుండా ఏదైనా మార్చావో, మామయ్యనని కూడా చూడను, అక్కడికొచ్చి తంతా. ఇంజను ఐడ్లింగ్‌లో ఊగుతుంటే 01లో గ్రూపు 013 కొలతలు చూడు, ఏ సిలిండరు తేడాగా ఉందో తెలుస్తుంది. ఎంత చూసినా బండికేం కాదు, చూస్తూ నేర్చుకో.

15లో మాత్రం నేను లేకుండా ఏదీ మార్చకు. ముందు సీట్లో మీ అమ్మనే కూర్చోబెట్టుకుని తిప్పుతావు కదా. పనుందంటే చెప్పు, శనివారం రాత్రి రైలెక్కుతా.

మామయ్య