చాట్స్‌వర్త్ వెళ్తున్నావట

చిన్నీ,

శనివారం నువ్వే కారు నడుపుకుంటూ అమ్మానాన్నల్ని డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ తోటలకి తీసుకెళ్తున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో ఎంత గర్వమో! నాకూ అంతే, కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

టికెట్లు ముందే కొనుక్కో. నాన్న షుగర్ మాత్రలు నీ బ్యాగులోనే పెట్టుకో. పులిహోర కట్టుకెళ్లు.

ఇక అసలు మాట. నేను షెఫీల్డ్‌లో ఉన్నప్పుడు ఒక జూలైలో మీ నానమ్మను అక్కడికి తీసుకెళ్లాను. ఎండ ఫెళ్లున కాస్తోంది. తెనాలి ఎండల్లో పెరిగిన మనిషికి ఇదొక ఎండా అనుకుని నీళ్ల సీసా కారులోనే వదిలేశాను. ముందు తోట మధ్యలోని ఆ జమీందారీ భవనం, అదే చాట్స్‌వర్త్ ఇల్లంతా తిప్పాను, బయటికొచ్చేసరికి ఆవిడకి మోకాళ్లు పట్టేశాయి. బెంచీ మీద కూర్చోబెట్టి, పది నిమిషాల్లో వస్తానమ్మా అని మేజ్‌లోకి, అదే మొక్కల గోడల చిక్కుదారిలోకి దూరాను. ఒకప్పుడు అక్కడ ఆ తోటల పెద్ద తోటమాలి పాక్స్‌టన్ కట్టిన పేద్ద గాజు ఇల్లు ఉండేది, మొదటి యుద్ధంలో బొగ్గు కరువై, వెచ్చదనం లేక లోపలి మొక్కలు చచ్చిపోతే 1920లో కూల్చేశారు, ఆ చోటే 1962లో ఏడాదంతా పచ్చగా ఉండే 1,209 యూ (yew) మొక్కలతో ఈ చిక్కుదారి వేశారు. నాకు ఆ పిచ్చి. బయటపడేసరికి ముప్పావుగంట. బెంచీ ఖాళీ.

105 ఎకరాల తోట చిన్నీ. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, చేతిలో ఫోన్ లేదు, అడ్రసు రాసిన కాగితం ముక్కయినా ఇవ్వలేదు నేను. ఫౌంటెన్ ఉన్న ఆ పొడవాటి చెరువు చూసి ఏమేం ఊహించుకున్నానో, ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు చల్లబడుతున్నాయి.

కాస్కేడ్ దగ్గర కనిపించింది. గట్టు మీంచి 24 మెట్ల మీదుగా నీళ్లు దిగుతుండేవి, మూడొందల ఏళ్ల నాటిది. చీర కుచ్చిళ్లు పిక్కల దాకా ఎగ్గట్టుకుని, పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. "వచ్చావా, ఒక్కో మెట్టు దగ్గర చప్పుడు ఒక్కోలా ఉందే, విను" అంది. నేను అరిచాను, అందరి ముందూ. ఆవిడ ఒక్క మాట అనలేదు, తడి కాళ్లతోనే చెప్పులు తొడుక్కుని లేచింది. మళ్లీ ఇంగ్లండ్ రాలేదు.

మెట్టుకో కొలత కాబట్టి చప్పుడు నిజంగానే మారుతుందని తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మ పక్కన కూర్చుని వినలేదు నేను.

అందుకే చెప్తున్నా, ఇల్లు తర్వాత చూడొచ్చు, పొద్దున్నే తోటలోకి వెళ్లండి. వాళ్లిద్దర్నీ ఒక్క నిమిషం కూడా వదలకు. ఆ ఫౌంటెన్ 1844 నాటిదని, మోటారే లేదని, కొండ మీది చెరువు నీళ్ల ఒత్తిడితోనే అంత ఎత్తు ఎగురుతుందని నాన్నకి చెప్పు, ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషి, అక్కణ్ణించి కదలడు. కదలమని తొందరపెట్టకు తల్లీ. కాస్కేడ్‌లో నీళ్లు వదులుతున్నారో లేదో మాత్రం బయల్దేరే ముందు కనుక్కో, వదులుతుంటే అమ్మని దింపు, నువ్వూ దిగు. తువ్వాలు రెండు పెట్టుకో.

మీ అత్త