ఇంట్లో కూర్చుని యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి వెళ్ళడం ఎలా

బెంగళూరు మారతహళ్ళిలో మా చెల్లి వాళ్ళింటికి వచ్చినప్పుడల్లా ఆ అపార్ట్‌మెంట్‌లో అమెరికా వెళ్ళబోయే తెలుగు పిల్లలు, సెలవలకి వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు లాప్‌టాప్ పట్టుకుని వస్తారు. అందరిదీ ఒకటే సందేహం, యూనివర్సిటీ లైబ్రరీలో ఆ రీసెర్చ్ జర్నల్ ఉందంటున్నారు, ఇంట్లోంచి నొక్కితే మాత్రం డబ్బులు కట్టమంటోంది, ఎందుకని.

జర్నల్ కంపెనీ వాళ్ళు చాలామటుకు మీ పేరు చూడరు, మీ ఐపీ అడ్రస్, అంటే మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు, చూస్తారు. అది యూనివర్సిటీదైతే పేపర్ ఇస్తారు, ఏసీటీదో జియోదో, అంటే ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీది అయితే డబ్బులడుగుతారు, అంతే.

90ల్లో మేం అమెరికాలో చదువుకునేటప్పుడు ఈ గొడవ తక్కువ, ఎందుకంటే చాలామందికి ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చిందే యూనివర్సిటీ. ఫోన్ వైరు మోడెంకి (ఫోన్ లైన్ మీద కంప్యూటర్లని కలిపే డబ్బా) తగిలించి క్యాంపస్ నంబరుకి డయల్ చేస్తే అవతల వరసగా పెట్టిన మోడెంలలో ఏదో ఒకటి ఎత్తేది, ఒక కూత, కాసేపు గరగర, తర్వాత లాగిన్ అడిగేది, ఇక మనం గదిలో మంచం మీదున్నా ఐపీ అడ్రస్ యూనివర్సిటీదే కాబట్టి నెట్‌వర్క్ లెక్కలో క్యాంపస్‌లో ఉన్నట్టే. రాత్రిపూట అందరూ ఒక్కసారే చేసేవాళ్ళు, ఎంగేజ్ టోనే ఎక్కువ వినపడేది. కాల్ వెయిటింగ్ ఉంటే నంబరు ముందు స్టార్ 70 కొట్టాలి, లేకపోతే ఇంకెవరో ఫోన్ చేసిన బీప్‌కే లైన్ తెగిపోయేది. 1998లో వీ.90 అనే రకం మోడెంలు వచ్చాక 56కె, అంటే సెకనుకి 56 కిలోబిట్లు, అన్నారు గానీ అమెరికా రూల్స్ ప్రకారం 53 దాటదు, 45 వచ్చినా ఒక ఎంబీ దిగడానికి మూడు నిమిషాలు. సెలవలకి ఇండియా వస్తే క్యాంపస్‌కి డయల్ చేయాలంటే ఐఎస్‌డీ బిల్లు, అందుకని 1995లో అప్పటి ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ వచ్చాక దాంట్లోంచే టెల్నెట్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) కొట్టి మెయిల్ చూసుకునేవాళ్ళం. జర్నల్స్ మాత్రం రావు, ఐపీ వీఎస్ఎన్ఎల్‌ది కదా! మీ సమస్యా సరిగ్గా అదే.

ఇప్పుడు ఆ మోడెం పని వీపీఎన్ చేస్తుంది, అంటే మీ ఇంటి ఇంటర్నెట్ మీదుగానే మిమ్మల్ని యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి చేర్చే ప్రోగ్రాం. ప్లే స్టోర్‌లో దొరికే ఫ్రీ వీపీఎన్‌లు కాదు, మీ యూనివర్సిటీ ఐటీ పేజీలో ఇచ్చేది, సిస్కో సెక్యూర్ క్లయింటో గ్లోబల్‌ప్రొటెక్టో ఉంటుంది. కనెక్ట్ అయ్యాక కూడా జర్నల్ డబ్బులడుగుతుంటే స్ప్లిట్ టనెల్‌లో (క్యాంపస్ సైట్లు మాత్రమే వీపీఎన్‌లోంచి వెళ్ళే పద్ధతి) ఉన్నారేమో చూడండి, అన్నీ వీపీఎన్‌లోంచే వెళ్ళే ఫుల్ టనెల్‌కి మార్చండి. ఉత్త జర్నల్ పేపర్లే కావాలంటే వీపీఎన్ కూడా అక్కర్లేదు, గూగుల్‌లోంచి కాకుండా లైబ్రరీ సైట్‌లోంచి వెళ్తే లైబ్రరీ తరఫున మధ్యలో ఉండే ఈజీప్రాక్సీ లాంటిది మిమ్మల్ని లాగిన్ అడిగి పంపిస్తుంది. ఫుల్ టనెల్ పెట్టుకుని టారెంట్లు మాత్రం దింపకండి, కంప్లయింట్ యూనివర్సిటీకి వెళ్తుంది, అక్కడి లాగిన్ రికార్డుల్లో మీ ఐడీ ఉంటుంది.

అసలు ఎక్కువమంది ఇరుక్కునేది రెండో లాగిన్ దగ్గర, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి వచ్చిన కోడ్ అడిగే చోట. అమెరికా నంబరుకి ఎస్ఎంఎస్ పెట్టించుకుని ఇక్కడికి వచ్చాక ఆ సిమ్ రోమింగ్ పనిచేయక కోడ్ రాదు, అలాగే ఇండియా నంబరు ఇచ్చి అక్కడ దిగగానే సిమ్ తీసేస్తారు, అప్పుడూ అంతే. డ్యువో లాంటి యాప్ పెట్టుకోండి, దానికి నంబరుతో పనిలేదు, సిగ్నల్ లేకపోయినా యాప్‌లో కోడ్ వస్తుంది. కొత్త ఫోన్ కొంటే అది రిజిస్టర్ అయ్యేదాకా పాత ఫోన్ తమ్ముడికి ఇచ్చేయకండి. బ్యాకప్ కోడ్స్ ఇస్తే కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి.

క్యాంపస్ సర్వర్‌లో పెద్ద జాబ్, అంటే చాలాసేపు నడిచే ప్రోగ్రాం, నడిపేవాళ్ళు టీమక్స్‌లో గానీ స్క్రీన్‌లో గానీ నడపండి, మన కనెక్షన్ తెగినా జాబ్‌ని ఆగనివ్వని ప్రోగ్రాంలు ఇవి. స్క్రీన్ 1987 నాటిది, ఫోన్ లైన్లు తెగిపోయే రోజుల్లో మమ్మల్ని బతికించింది అదే. బెంగళూరులో వాన పడి కరెంటు పోయి రూటర్ ఆగినా జాబ్ అక్కడ నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ లాగిన్ అయి అటాచ్ చేస్తే చాలు.

ఏదీ కుదరకపోతే ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు, అది వాళ్ళ పనే. ఈస్ట్ కోస్ట్‌లో పొద్దున తొమ్మిదంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఎర్రర్ మెసేజ్ ఫొటో తీసి ఉంచుకోండి, ఇండియా నుంచి చేస్తున్నామని మొదటి మాటలోనే చెప్పండి, ఎందుకంటే కొన్నిచోట్ల బయటి దేశాల లాగిన్‌లు వాటంతటవే ఆగిపోయేట్టు పెడతారు, అది వాళ్ళు తీస్తే గానీ మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా లోపలికి వెళ్ళలేరు.