పది ఒక్కటీ ప్రైవేటులో వేద్దామనుకుంటున్నారా?

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లె. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. బాబు ఊళ్ళో జడ్పీ హైస్కూల్లో తొమ్మిది అయిపోయి పదికి వచ్చాడు. మిగతా సబ్జెక్టులు పర్లేదు, లెక్కల్లో మాత్రం ఎప్పుడూ ముప్పై దాటవు. ఈ ఒక్క ఏడాదికి టౌన్లో ప్రైవేటు స్కూల్లో చేర్పిద్దాం, ప్రభుత్వం పిల్లల చదువుకి వేసే తల్లికి వందనం డబ్బు అడ్వాన్సు కట్టేద్దాం అని మా ఆయన అంటున్నారు. మా తోడికోడలేమో ట్యూషన్ చాలంటోంది. పాప కూడా అదే స్కూల్లో ఎనిమిదికి వచ్చింది. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు ఆ అడ్వాన్సు కట్టడం ఆపండి, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. టౌన్లో మీరు చూసిన స్కూలు స్టేట్ సిలబస్‌దే అయితే అక్కడా ఇదే లెక్కల పుస్తకం, ఇవే 14 పాఠాలు, మార్చిలో ఇదే క్వశ్చన్ పేపరు. కొత్తగా వచ్చేవి యూనిఫాం, బస్సు ఫీజు, రాత్రి దాకా స్టడీ అవర్లు. లెక్కల్లో వెనకబడిన పిల్లాడు పదో తరగతిలో కొత్తగా చేరితే అక్కడ వాడికి మొదటి నుంచి చెప్పే తీరిక ఎవరికుంటుంది చెప్పండి, బిట్లూ ముఖ్యమైన ప్రశ్నలూ బట్టీ పట్టించి ఎలాగోలా పాస్ చేయిస్తారు, అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, అక్కడ జడ్పీ, మున్సిపల్, ప్రభుత్వ స్కూళ్ళ పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. ఇప్పుడు స్కూల్ మారిస్తే అది పోయినట్టే. ఇవాళ ముప్పై తెచ్చుకుంటున్న పిల్లాడికి ట్రిపుల్ ఐటీ వస్తుందని నేను చెప్పను గానీ, డబ్బులిచ్చి మరీ ఆ అవకాశం వదులుకోవడం దేనికి?

అసలు సమస్య పదో తరగతి కాదని నా అనుమానం. ఈ రాత్రి భోజనాలయ్యాక వాడికి ఒక కాగితం ఇచ్చి మూడు లెక్కలు చేయమనండి. 2/3 కి 1/4 కలిపితే ఎంత? మైనస్ 8 కి 5 కలిపితే ఎంత? ఒక సంఖ్యని మూడు రెట్లు చేసి 7 కలిపితే 22 వచ్చింది, ఆ సంఖ్య ఏది? మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, జవాబులు వరసగా 11/12, మైనస్ 3, 5 రావాలి. మొదటిదానికి 3/7 అని రాశాడనుకోండి, పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశాడన్నమాట, అంటే ఆరేడు తరగతుల్లో భిన్నాల దగ్గరే ఆగిపోయాడు. అలాంటి పిల్లాడికి త్రికోణమితి ఎంత బాగా చెప్పినా ఎక్కదు, సంభావ్యత పాఠమైతే మొత్తం భిన్నాలే. మూడూ కరెక్టుగా చేస్తే మాత్రం సమస్య ప్రాక్టీసుది, దానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఆ కాగితం పట్టుకుని స్కూలుకెళ్ళి లెక్కల సార్‌ని కలవండి. మెగా పేరెంట్ మీటింగ్ రోజు కాదు, ఆ రోజు భోజనాలు, ఫొటోల హడావిడిలో ఎవరితోనూ రెండు నిమిషాలు మాట్లాడలేం. మామూలు రోజు సాయంత్రం వెళ్ళి "సార్, మావాడు ఇక్కడ ఆగిపోయాడు" అని చూపించండి. మార్కులు తక్కువొస్తున్నాయని చెబితే చదవమ్మా అంటారు, తప్పు ఎక్కడుందో చూపిస్తే ఏం చేయించాలో చెబుతారు. కింది తరగతుల లెక్కల పుస్తకాలు పాతవి ఎవరి దగ్గరైనా దొరుకుతాయి, వాటిలో పాఠం దగ్గరుండే క్యూఆర్ కోడ్ ఫోన్లో దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే వీడియో వస్తుంది, డబ్బులేమీ ఉండవు. ఫోన్ ఇచ్చేసి మీరు వంటింట్లోకి వెళ్ళిపోతే దీక్షా పోయి రీల్స్ వస్తాయి, అది మీకు నేను చెప్పాలా!

ట్యూషన్ విషయంలో మీ తోడికోడలు చెప్పింది సగం కరెక్టు. పెట్టించండి, ఏడాదంతా కాదు, ఇప్పటినుంచి దసరా దాకా చాలు. ఆ తర్వాత స్కూల్లోనే స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక ఇల్లు చేరే పిల్లాణ్ణి మళ్ళీ ట్యూషన్‌కి తోలితే పుస్తకం మీదే నిద్రపోతాడు. మీ చుట్టుపక్కల బీఈడీ చేసి డీఎస్సీకి చదువుకుంటున్నవాళ్ళు ఉంటారు, కింది తరగతుల లెక్కలు ఓపిగ్గా చెప్పేది సాధారణంగా వాళ్ళే. చేర్చేముందు ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ముప్పై మందిని కూర్చోబెట్టి గైడులోంచి ఎక్కించుకోమంటుంటే లేచి వచ్చేయండి. మీ స్కూల్లో పాఠం చెప్పే సారే ఇంటికి ట్యూషన్‌కి రమ్మంటే మాత్రం ఒప్పుకోకండి, 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు, వాడి సందేహం తీర్చాల్సింది క్లాసులోనే.

లెక్కలు కాస్త దారిలో పడితే పది తర్వాత పాలిటెక్నిక్ గురించి ఆలోచించొచ్చు. పాలిసెట్‌లో 120 మార్కులకి 50 లెక్కలవే. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్ళే దారి కూడా ఉంది. ఇప్పుడే ఇవన్నీ వాడి ముందు పెట్టి భయపెట్టకండి.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ ఈ ఏడాది ఎక్కువ కలిసొచ్చేది తనకే. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ప్రభుత్వ, జడ్పీ, ఎయిడెడ్ స్కూళ్ళ పిల్లలకే ఉండే పరీక్ష ఇది, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. మధ్యలో ప్రైవేటుకి మారిస్తే ఆగిపోతాయి. రీజనింగ్ ఒక పేపరు, స్కూల్ సబ్జెక్టులు ఒక పేపరు, రెండూ 90 మార్కులవే. నోటిఫికేషన్ వచ్చేదాకా కూర్చోకుండా ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీయించి పెట్టుకోండి, ఆధార్‌లో ఇంటిపేరు, స్కూల్ రికార్డులో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి, తేడా ఉంటే సరిచేయించడానికి సచివాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది.